గుసగుసకు తగిన హాలు

కొండ మీద వాతావరణ కేంద్రం నుంచి

వదినా,

నిన్న అన్నయ్య ఫోన్ చేశాడు. మా పెద్దసారు గదిలో ఉన్న ఆ ఒక్క ఫోను సంగతి నీకు తెలిసిందే. గట్టిగా మాట్లాడితే గరగరమంటుంది. ఇంకా గట్టిగా మాట్లాడితే అసలేమీ వినిపించదు. అన్నయ్యకేమో మెల్లిగా మాట్లాడటం పుట్టుకతోనే రాలేదు. చాలాసేపు అరిచాడు. నాకు అర్థమైనవి "అమ్మ", "సభ", "హాలు", "మీ వదిన". మిగిలిందంతా డబ్బాలో గోలీలు పోసి ఊపినట్టుంది. పెద్దసారు ఫైల్లోంచి తలెత్తి, "మీ అన్నగారిని ఫోన్ పెట్టేసి అక్కడి నుంచే పిలవమనమ్మా, ఇంకా బాగా వినిపిస్తారు" అన్నారు.

ఊళ్లో మైకు సెట్లు అద్దెకిచ్చేవాడికి ఇంట్లో కూడా మైకు మింగినట్టు మాట్లాడాల్సిన అవసరమేమిటో నువ్వే అడుగు. కట్టుకున్నదానివి.

అసలేం జరుగుతోంది? ఏం సభ? అమ్మకీ దానికీ ఏమిటి సంబంధం? అమ్మని ఫోన్ దగ్గరికి పిలవమంటే "బాత్రూంలో ఉంది" అన్నాడు. పోయిన నెలా బాత్రూంలోనే ఉంది, అంతకు ముందు నెలా బాత్రూంలోనే ఉంది. గొంతు ఆపరేషన్ తర్వాత అమ్మకి గుసగుస ఒక్కటే మిగిలిందని నాకు తెలుసు. ఆ గుసగుసే ఒక్కసారి వినాలని ఉంది వదినా. ఇక్కడ పగలంతా గాలి వేగం రాసుకుంటూ కూర్చుంటే అదొక్కటే గుర్తొస్తుంది.

మాకు జీపు వారానికోసారి కూరగాయలూ ఉత్తరాలూ కలిపి తెస్తుంది. వచ్చే జీపులో వంకాయలొచ్చి నీ ఉత్తరం రాకపోతే నీతో పచ్చి.

నీ మరదలు


కుట్టుమిషన్ ముందు నుంచి

మరదలు పిల్లకి,

పచ్చి వద్దులే తల్లీ, వంకాయలతో పాటే పంపిస్తున్నాను.

సంగతేమిటంటే, పోయిన ఆదివారం అత్తయ్య పాత నాటక సమాజం వాళ్లొచ్చారు. అందరికంటే ముందు ఉరుము మామయ్య గొంతు వచ్చింది, ఆ తర్వాత మనిషొచ్చాడు. ఇన్నేళ్లు రాజు వేషాలు వేసినాయన కదా, మంచినీళ్లడిగినా యుద్ధం ప్రకటించినట్టే ఉంటుంది. కూర్చోగానే మొదలుపెట్టాడు. "ముప్పై ఏళ్లు తెర పక్కన స్టూలేసుకుని మాకు మాట అందించిందమ్మా మీ అత్తగారు! మేం మర్చిపోయిన ప్రతి డైలాగూ ఆవిడ పెట్టిన భిక్షే. మాకందరికీ చప్పట్లు కొట్టారు, ఆవిడకెవరూ కొట్టలేదు. ఒక సభ పెడుతున్నాం. ఆవిడ మా ముందు రెండు మాటలు మాట్లాడాలి" అన్నాడు. గాజు గ్లాసులు గలగలలాడాయి.

హాలు చూసే పని నాకు అంటగట్టారు. ఊళ్లో హాళ్లన్నిటికీ పరదాలు కుట్టేది నేనే కదా, ఎక్కడ ఏముందో నీకే తెలుసన్నారు. పని తెలిసినవాడి నెత్తినే మోత పడుతుందని ఊరికే అనలేదు.

స్టేషన్ దగ్గర ఫంక్షన్ హాలు చూశాను. అద్దాలు బాగున్నాయి గానీ "ఏమండీ" అంటే "అండీ అండీ అండీ" అని గోడలన్నీ వంత పాడాయి. స్కూలు వాళ్ల హాలు వెడల్పుగా ఉంది, దాని వెనకే పిండిమర. ఆఫీసర్ల క్లబ్బులో కుర్చీలు మెత్తగా ఉన్నాయి, కాకపోతే అందులో కూర్చున్నవాళ్లని లేపడానికి మళ్లీ ఇంకో సభ పెట్టాలి.

మీ అన్నయ్య దేనికైనా సరే అంటున్నారు. ఈమధ్య ఆయన అన్నిటికీ సరే అనేస్తున్నారు.

అత్తయ్య బాగున్నారు. వేళకి తింటున్నారు, వేళకి పడుకుంటున్నారు.

మీ వదిన


వాతావరణ కేంద్రం, వంటగది బల్ల

వదినా,

ముందు హాలు గురించి. నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యి. మెట్లు ఉండకూడదు. ఫ్యాన్లు కిర్రుమనకూడదు. బాత్రూం దగ్గరగా ఉండాలి, వచ్చేవాళ్లంతా డెబ్బై దాటినవాళ్లే. వెలుతురు వెనక నుంచి కాకుండా ముందు నుంచి పడాలి, లేకపోతే అమ్మ మొహం కనపడదు. కుర్చీలు నువ్వు స్వయంగా కూర్చుని చూడు, అన్నయ్య మాట నమ్మకు. వాడు రాతి మీద కూర్చోబెట్టినా సుఖంగానే ఉందంటాడు.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరంలో పిండిమర గురించి రాశావు, క్లబ్బు కుర్చీల గురించి రాశావు, గాజు గ్లాసుల గురించి రాశావు. అమ్మ గురించి మాత్రం రెండే ముక్కలు. వేళకి తినడం, వేళకి పడుకోవడం. ఆసుపత్రిలో నర్సులు చెప్పే మాటలవి.

సభకి అమ్మ ఏమంది? ఒప్పుకుందా, తిట్టిందా, నవ్విందా? ఉరుము మామయ్య "భిక్ష" అంటే అమ్మ ఊరుకునే మనిషి కాదే. ఏదో ఒకటి అనే ఉంటుంది. నువ్వు రాయలేదంటే అనలేదనుకోవాలి. వదినా, నీకు అబద్ధమాడటం చేతకాదు. దాచడం కూడా అంతంత మాత్రమే. చెప్పెయ్.

ఒక సంగతి నేనూ చెబుతున్నాను. సెలవుకి అర్జీ పెట్టాను. అమ్మకి చెప్పకు.

మరదలు


షాపు మూసి, కుట్టుమిషన్ దగ్గరే

మరదలా,

దొరికిపోయాను. అన్నీ రాసేస్తున్నాను.

మీ అన్నయ్య కొత్త షాపు తెరిచిన రోజు గుర్తుందా, నువ్వు రాలేకపోయావు. వీధి వీధంతా వచ్చింది. ఆయన సంబరంగా అత్తయ్య చేతిలో మైకు పెట్టి "రెండు మాటలు చెప్పమ్మా" అన్నారు. ఆవిడ వద్దంటూనే చెప్పారు. ఆ గుసగుస పెద్ద స్పీకర్లలోంచి కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస్సుమని వచ్చింది. ఎవడో "పాము, పాము" అన్నాడు. వీధంతా నవ్వింది. అత్తయ్య కూడా నవ్వారు. మైకు మీ అన్నయ్యకి ఇచ్చేసి ఇంటికొచ్చారు.

అంతే. ఆ రోజు నుంచి నోరు విప్పలేదు. నాతోనూ లేదు, ఆయనతోనూ లేదు. చప్పట్లతో నడిపిస్తున్నారు. ఒక్క చప్పట కొడితే రమ్మని. రెండు కొడితే టీ. మూడు కొడితే "మీ ఆయన్ని కాస్త గొంతు తగ్గించమను" అని. మూడో రకమే ఎక్కువ. ఫోన్ మోగితే పెరట్లోకి వెళ్లిపోతారు. అందుకే నీకా బాత్రూం కథ.

ఒకరోజు మీ అన్నయ్య అన్నం ముందు కూర్చుని, "ఊరందరి గొంతూ పెంచుతాను, మా అమ్మ గొంతు మాత్రం నేనే నొక్కేశాను" అన్నారు. కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నాకూ ఆగలేదు. అత్తయ్య ఇదంతా చూసి ఏమనుకున్నారో, రెండు చప్పట్లు కొట్టారు. టీ పెట్టుకొచ్చాను, ముగ్గురం తాగాం.

సభ సంగతి చెబితే తలాడించారు. కాదన్నారో ఔనన్నారో ఇప్పటికీ తేలలేదు. "మైకు ఉండదు అత్తయ్యా, నా మీద ఒట్టు" అన్నాను. నావైపు చూశారు. కాదనలేదు కదా అని ఆ చూపునే పట్టుకుని వేలాడుతున్నాను.

అందుకని ఇప్పుడు హాళ్లని ఇంకోలా చూస్తున్నాను. మీ అన్నయ్యని ముందు నిలబెట్టి గుసగుసగా ఏదో ఒకటి చెప్పమంటాను. నేను చివరి కుర్చీలో కూర్చుంటాను. వినపడితే హాలు మనది. తిప్పలేమిటంటే ఆయనకి గుసగుస రాదు. మొదటిసారి గుసగుసలాడితే బయట వాచ్‌మన్ "పిలిచారా సార్" అంటూ పరిగెత్తుకొచ్చాడు. నేర్పడానికి నా తలప్రాణం తోకకొచ్చింది. నేర్చుకున్నాక మాత్రం ఎక్కడా ఒక్క ముక్క వినపడలేదు. క్లబ్బు మేనేజరు కాసేపు మమ్మల్ని చూసి, "ఇంట్లో మాట్లాడుకోవడానికి కుదరడం లేదామ్మా?" అని జాలిగా అడిగాడు.

గోడలకు చెవులుంటాయంటారు. ఈ ఊళ్లో ఏ హాలు గోడకీ లేవు.

నీ వదిన


వాతావరణ కేంద్రం, కిటికీ పక్కన

వదినా,

నీ ఉత్తరం చదివి నవ్వాను, ఏడ్చాను, మళ్లీ వాచ్‌మన్ సంగతి దగ్గరికొచ్చి నవ్వాను. నన్ను దిగులు పెట్టకూడదని దాచావని తెలుసు. ఇంకోసారి దాచకు. దూరంగా ఉన్నవాళ్లకి దిగులు కూడా ఇంటి నుంచి వచ్చిన సరుకే.

నీకొకటి చెప్పాలి. చిన్నప్పుడు నేను రిహార్సల్స్‌లో అమ్మ స్టూలు పక్కనే కింద కూర్చునేదాన్ని. అమ్మ మాట అందిస్తే వేదిక నడిమధ్యలో ఉన్న ఉరుము మామయ్యకి వినపడేది, ముందు వరసలో కూర్చున్నవాళ్లకి వినపడేది కాదు. ఎలాగమ్మా అనడిగితే, "మాటని గాల్లోకి ఊదెయ్యకూడదే, తిన్నగా తీసుకెళ్లి ఎదుటివాడి చెవిలో పెట్టి రావాలి" అనేది. అమ్మకి ఆపరేషన్ అయ్యి గుసగుస మిగలడం కాదు. ఆ గుసగుస ఆవిడ ఉద్యోగం. అన్నయ్య గుసగుసతో హాళ్లని పరీక్షిస్తే ఎట్లా? వాడిది నిన్నగాక మొన్న పుట్టిన గుసగుస.

అయినా మనం తలకిందులుగా వెతుకుతున్నామేమో. అమ్మ గొంతు పెంచే హాలు ఎక్కడా ఉండదు. మిగతావాళ్ల గొంతు తగ్గించే హాలు ఏదైనా ఉందేమో చూడు. ఉరుము మామయ్య కూడా నోరెత్తడానికి భయపడే చోటు ఊళ్లో ఒక్కటైనా ఉండకపోదు.

సెలవు కాగితం పెద్దసారు బల్ల మీదే ఉంది. దాని మీద ఆయన టీ కప్పు పెడుతున్నారు. శుభసూచకమో కాదో తెలియదు.

మరదలు


కుట్టుమిషన్ ముందు, ఒళ్లో గుడ్డముక్కలతో

బంగారు మరదలా,

దొరికింది! ఎక్కడో చెబితే నమ్మవు. లైబ్రరీ.

రీడింగ్ రూముకి కొత్త పరదాలు కావాలంటే కొలతలకి వెళ్లాను. మీ అన్నయ్య నిచ్చెనెక్కి టేపు పట్టుకున్నారు. నేను ఆ చివర కిటికీ దగ్గర పుస్తకంలో రాసుకుంటున్నాను. ఆయన పైనుంచి "ఎంతా?" అని అరవబోయారు. లైబ్రేరియన్ మేడమ్ "ష్!" అంది. నేను హడలిపోయి గుసగుసగా కొలత చెప్పాను. ఆయన అంత దూరం నుంచి గుసగుసగానే "ఇంకోసారి చెప్పు" అన్నారు. మరదలా, నాకు వినపడింది! పాత కట్టడం, మందపాటి గోడలు, చుట్టూ పుస్తకాలు. పైగా అక్కడ ఊపిరి కూడా గట్టిగా వదిలేవాడు లేడు. కావాలని సూది కింద పడేసి చూశాను. అది కూడా వినపడింది. మేడమ్ మళ్లీ "ష్" అంది, సూదిని.

బతిమాలి, పరదాలు ఆదివారానికల్లా ఇస్తానని చెప్పి ఒప్పించాను. ఆవిడ షరతు ఒక్కటే. పక్క గదిలో పిల్లలు పరీక్షలకి చదువుకుంటుంటారు, కాబట్టి సభంతా గుసగుసల్లోనే జరగాలి. మాట పెంచితే ఎంత పెద్దవాళ్లనైనా బయటికి పంపిస్తుందట. చప్పట్లు కూడా కొట్టకూడదు. నేను ఆవిడ కాళ్ల మీద పడలేదు గానీ పడ్డంత పని చేశాను.

ఇక ఏర్పాట్లు చూడు. కుర్చీలు లాగితే కీచుమంటున్నాయని, ప్రతి కుర్చీ కాలికీ మెత్తటి గుడ్డతో మేజోడు కుడుతున్నాను. తలుపు కీళ్లకి నూనె వేశాం. గాజు గ్లాసులొద్దు, కాగితం కప్పులు. కరకరలాడే బిస్కెట్లు వద్దు, కేకు చాలు. మీ అన్నయ్య, పెళ్లికెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, "చిన్న స్పీకరొకటి, ఊరికే పక్కన పెడతాను" అన్నారు. అత్తయ్య గదిలోంచి మూడు చప్పట్లు వినపడ్డాయి.

ఉరుము మామయ్యకి గుసగుస నేర్పే పని మీ అన్నయ్యదే. చూసి తీరాలి. గురువుకి నిన్న వచ్చింది, శిష్యుడికి ఎన్నటికీ రాదు. "మెల్లిగా మామయ్యా" అంటే ఆయన "ఇది మెల్లిగా కాదుట్రా!" అంటాడు, ఎదురింటివాళ్లు కిటికీ తీస్తారు.

అసలు కబురు చివర్లో రాస్తున్నాను. నిన్న కుర్చీల మేజోళ్లు కుడుతుంటే అత్తయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఇవెందుకని కళ్లతో అడిగారు. "కుర్చీలు కూడా గుసగుసలాడాలత్తయ్యా" అన్నాను. నవ్వారు. సూదిలో దారం ఎక్కించుకుని నాతో పాటు కుట్టడం మొదలుపెట్టారు. ఇంకా మాటైతే లేదు. నువ్వు వచ్చేస్తే ఆ మాట వచ్చేస్తుందని నా నమ్మకం.

మీ వదిన


కొండ మీద నుంచి, వర్షంలో

వదినా,

సెలవు రాలేదు.

నాతో పనిచేసే అమ్మాయికి జ్వరం. వర్షాలు మొదలయ్యాయి, పరికరాల దగ్గర ఒక్క మనిషైనా ఉండాలి. పెద్దసారు మంచివారే, ఆయన మొహం చూస్తే నేనే ఆయన్ని ఓదార్చాల్సి వచ్చేలా ఉంది. జీపు డ్రైవరు హారన్ కొడుతున్నాడు కాబట్టి తొందరగా రాస్తున్నాను.

బాధగా ఉంది. చాలా. కాసేపు ఒంటరిగా కూర్చుని ఏడ్చాను, ఇప్పుడు ఫరవాలేదు. నా కోసం ఎదురుచూడకండి. ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచు, దానికి మేజోళ్లు అమ్మ కుట్టినవి తొడుగు.

అమ్మ మాట్లాడితే ఏం మాట్లాడిందో ఒక్క అక్షరం వదలకుండా రాయి. మాట్లాడకపోతే అదీ రాయి. నేను రాలేదని అమ్మకి చిన్నబుచ్చుకోవద్దని చెప్పు.

మరదలు


కుట్టుమిషన్ ముందు నుంచి, సోమవారం

మరదలా,

ఒక్క అక్షరం వదలను. కాఫీ పక్కన పెట్టుకుని చదువు.

పాత సమాజం వాళ్లంతా వచ్చారు. వాళ్ల చేతికర్రలకి కూడా కింద గుడ్డ చుట్టాను. అందరూ గుమ్మంలోనే నోటి మీద వేలేసుకుని, దొంగతనానికొచ్చినట్టు అడుగులో అడుగేసుకుంటూ లోపలికొచ్చారు. "బాగున్నావా?" "నీ పళ్లేవి?" "ఇంట్లో మర్చిపోయా" అని గుసగుసలు. నలభై మంది అలా గుసగుసలాడుతుంటే రహస్యమేదో పుడుతున్నట్టుంది. అత్తయ్య గుమ్మంలో ఆగిపోయి విన్నారు. ఆ గదిలో ఎవరి గొంతూ ఆవిడ గొంతుకంటే పెద్దది కాదు. ఆవిడ మొహం నేను చూశాను. అది ఉత్తరంలో రాయడం నావల్ల కాదు.

మేడమ్ తలుపు దగ్గర స్టూలేసుకుని కాపలా కూర్చుంది. ముందుగా ఉరుము మామయ్య లేచాడు. అత్తయ్య గౌరవార్థం వాళ్ల పాత నాటకంలో రాజు చివరి మాటలు చెబుతానన్నాడు, గుసగుసగా. నిజంగానే గుసగుస! మీ అన్నయ్య గర్వం చూడాలి. "ఈ కోట నాది కాదు, ఈ కిరీటం నాది కాదు..." అన్నాడు. ఆగిపోయాడు. నటన కాదు, నిజంగానే మర్చిపోయాడు. అరిస్తే గానీ ఆయనకి డైలాగు గుర్తురాదట పాపం, తర్వాత చెప్పాడు. మొహమంతా చెమట. పైకప్పు చూశాడు, నేల చూశాడు. పిల్లాడిలా అత్తయ్య వైపు తిరిగాడు.

"నన్ను నడిపించిన మాట మాత్రం నాది."

అన్నది అత్తయ్యే. అన్నాక గానీ అన్నానని ఆవిడకే తెలిసినట్టు లేదు. ఇన్నేళ్ల అలవాటు, ఎదుటివాడు ఆగితే నోరు దానంతటదే అందించేసింది. చివరి వరస దాకా వినపడింది. ఉరుము మామయ్య ఆ మాట తిరిగి చెప్పబోయి చెప్పలేక, చేతులు జోడించి అలాగే కూర్చుండిపోయాడు.

అత్తయ్య లేచి నిలబడ్డారు. అందరి వంకా చూశారు. ఇవి ఆవిడ మాటలే, ఉన్నదున్నట్టు:

"ముప్పై ఏళ్లు వీళ్లకి వినపడాలి, జనానికి వినపడకూడదు అనుకుంటూ మాట్లాడాను. ఇవాళ అందరూ వింటున్నారు. ఇప్పుడేం చెప్పాలో నాకు తోచడం లేదు. ఎవరైనా కాస్త అందించండి."

నవ్వు మరదలా! నోళ్లు మూసుకుని, భుజాలూపుకుంటూ నవ్వు. ఆ తర్వాత ఆవిడ ఆగలేదు. ఎవరు ఏ నాటకంలో ఏం మర్చిపోయారో, ఎవరి మీసం ఏ సీనులో ఊడిందో అన్నీ చెప్పారు. కేకు ఎవరూ ముట్టుకోలేదు. చివర్లో చప్పట్లకి బదులు అందరూ చేతులు పైకెత్తి ఊపారు. ఆ నిశ్శబ్దంలో ఠప్, ఠప్, ఠప్ అని శబ్దం. చూస్తే మేడమ్! కొట్టేసి, తనకి తనే "ష్" అనుకుంది.

ఖాళీ కుర్చీ పక్కనే అత్తయ్య కూర్చున్నారు. ఇంటికొస్తూ రిక్షాలో నాతో అన్న మొదటి మాట: "దానికి ఎవరైనా చెప్పారా?" రాస్తానన్నాను.

మీ అన్నయ్య అప్పటి నుంచి ఇంట్లో గుసగుసగా మాట్లాడుతున్నారు. ఇవాళ పొద్దున్న అత్తయ్యే "కాస్త గట్టిగా ఏడువరా" అన్నారు.

ఫోన్ దగ్గరికి మాత్రం ఇంకా రానంటున్నారు. ఫోను కూడా మైకు లాంటిదే కదా అని భయం. నేను బలవంతం చేయలేదు.

నీ వదిన


కొండ మీద వాతావరణ కేంద్రం నుంచి

వదినా,

నీ ఉత్తరం పరికరాల గదిలో నిలబడే చదివాను. ఆ పూట గాలి వేగం ఎంత రాశానో భగవంతుడికే తెలియాలి. ఇప్పుడు నువ్వు నాకు రాయాల్సింది ఏమీ లేదు, నేనే నీకు రాయాలి.

ఇవాళ అన్నయ్య ఫోన్ చేశాడు. ఇంత దూరానికి ఫోన్ అనేసరికి వాడి గుసగుస వ్రతం గాలికి పోయింది. మళ్లీ అరుపు, మళ్లీ డబ్బాలో గోలీలు. నేను రిసీవరు చెవికి దూరంగా పట్టుకుని ఊఁ కొడుతున్నాను. పెద్దసారు కిటికీ మూస్తున్నారు. మధ్యలో వాడు ఊపిరి కోసం ఆగాడు. ఆ సందులో వాడి వెనక నుంచి వినపడింది.

"స్వెట్టరు వేసుకుంటోందా అడుగు."

ఒక్క గరగర కూడా లేదు వదినా. తిన్నగా తీసుకొచ్చి నా చెవిలో పెట్టినట్టుంది. ఈ పాడు ఫోను అరుపుల్ని ముక్కలు చేస్తుందే గానీ, గుసగుసని ఏమీ చేయలేదని ఇన్నాళ్లూ మనకెవరికీ తట్టలేదు.

అన్నయ్య అందుకుని "స్వె..." అని మొదలుపెట్టేలోపే "వేసుకుంటున్నానమ్మా" అన్నాను.

మళ్లీ అమ్మ గుసగుస, ఇంకాస్త దగ్గరగా:

"ఎప్పుడొస్తుందో అడుగు."

"వర్షాలు తగ్గగానే వస్తానమ్మా."

"నేనింకా అడగనే లేదు కదే!" అన్నాడు అన్నయ్య. ఆశ్చర్యంతో గొంతు పడిపోయినట్టుంది, ఫోన్‌లో వాడి మాట మొత్తం అర్థం కావడం నా జన్మలో అదే మొదటిసారి.

అప్పుడు అమ్మ అంది, "నువ్వు తప్పుకోరా. ఇలా ఇవ్వు ఫోను."

నీ మరదలు